నడినెత్తిన ఇరుక్కున్న సూది

మా పక్క సూది వేయని డాక్టరు డాక్టరే కాదు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, నిద్ర పట్టకపోయినా సందు చివరి ఆర్ఎంపీ దగ్గరికి పోయి ఒక సూది వేయించుకొని రావాలి. ఉత్త మాత్రలు రాసిచ్చి పంపే డాక్టరును చూసి జనం జాలిపడతారు. చదువుకున్నాడు గానీ పాపం ఏమీ తెలీదు అనుకుంటూ మరుసటి రోజు ఇంకొకరి దగ్గరికి పోతారు. సూదిని ఇంతగా నమ్మే జనం మధ్య సూదులతో బతకడం సులువే అనుకొని నేను ఆక్యుపంక్చర్ నేర్చుకున్నాను. నా సూదిలో మందు ఉండదనే సంగతి బయటపడేదాకా సులువుగానే ఉండింది.

నా మొదటి బాలింత ప్రొద్దుటూరులో ఒక గుడ్డల అంగడి వాళ్ళ కూతురు. ఆ పిల్ల తల్లి నా చేతిలోంచి ఒక సూది తీసుకొని, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఒక కన్ను మూసి చూసింది.

"దీనికి బొక్కే లేదు గదమ్మా. మందు యాడినుంచి పోతాది?" అని అడిగింది.

మందు ఉండదని, ఒంట్లో కొన్ని చోట్లు ఉంటాయని, అక్కడ గుచ్చితే ఒళ్ళే సర్దుకుంటుందని నాకు నేర్పినదంతా అప్పజెప్పాను. ఆమె ఓపికగా విని, అయితే ఉత్త పొడుపేనా అంది. ఆమె ముట్టుకున్న సూదిని పక్కన పారేసి నేను ఇంకొకటి తీస్తే, బంగారంలాంటి సూదిని పారేసిందని మరో అరగంట బాధపడింది. పదిమందిని పిలిచి నన్ను పొగిడిందీ ఆమే, మందు లేని సూదులామె అని నాకు పేరు పెట్టిందీ ఆమే.

అంతకుముందు పదకొండేళ్ళు నేను ప్రొద్దుటూరులోనే ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేశాను. పక్కలు మార్చడం, నొప్పులు పడేవాళ్ళ నడుము పట్టుకోవడం, వరండాలో కాచుకున్న వాళ్ళ మొహాలు చూసి ఏ మాట ముందు చెప్పాలో ఏ మాట వెనక చెప్పాలో ఆలోచించుకోవడం నా పని. నిలబడి నిలబడి నా నడుమే పోయింది. చెన్నైలో మా అక్క వాళ్ళ వీధిలో ఒకామె సూదులు గుచ్చితే నెల రోజుల్లో వంగి బిందె ఎత్తగలిగాను. అదేదో నేర్చుకుందామని అక్క ఇంట్లోనే ఏడాది ఉండి, కోర్సు చేసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒక ఇంటికి ఒక సూదుల వ్యాపారం చాలదా అన్నాడు. అన్నాడే గానీ, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకొచ్చింది ఆయనే.

నన్ను పిలిచేవాళ్ళలో బాలింతలే ఎక్కువ. బాలింత బయటికి రాదు కాబట్టి నేనే పోవాలి. ప్రొద్దుటూరు సందుల్లో నడక, జమ్మలమడుగుకు బస్సు, వేంపల్లె, పులివెందులకు బస్సు దిగి షేర్ ఆటో. ఇప్పుడు కాన్పులన్నీ ఆపరేషన్లే గదా. ఆపరేషన్‌కు ముందు వెన్నులో ఒక సూది వేస్తారు. ఆ తర్వాత పదేళ్ళపాటు వచ్చే నడుమునొప్పి, మెడనొప్పి, మతిమరుపు, చివరికి మొగుని మీద కోపం కూడా ఆ సూది ఖాతాలోకే పోతాయి. ముల్లును ముల్లుతోనే తీయాలని ఎవరో పెద్దామె అంటే, ఆ మాటే నా వ్యాపారానికి పునాది అయింది. సూదితో వచ్చింది సూదితోనే పోతుందని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అయినా నేను కాదనలేదు.

నా సూదులు ఏం చేస్తాయంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొందరికి నడుము పట్టు వదిలింది. కొందరు హాయిగా నిద్రపోయారు. కొందరికి ఏమీ కాలేదు, నా బస్సు ప్రయాణం తప్ప. పాలు పడతాయని ఎవరికీ మాట ఇవ్వలేదు. పడితే మాత్రం ఆ గొప్ప మెంతులకు, వెల్లుల్లికి పోతుండగా అడ్డుపడనూ లేదు.

బాలింత గదిలో నాకంటే ముందే చాలా వైద్యాలు ఉంటాయి. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు కట్టు, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ, అన్నంలోకి కారప్పొడి, గాలి సోకకుండా తలాపున ఇనుము. వేంపల్లె దగ్గర ఒక ఇంట్లో ఆ ఇనుము ఒక కొడవలి. ఉన్నది ఒకటే కొడవలి, గొడ్లకు గడ్డి కోసేదీ దానితోనే. నేను వచ్చి సూదులు గుచ్చగానే ఇంటాయన వచ్చి తలాపునుంచి కొడవలి తీసుకొని చేనికి పోయేవాడు. ఒళ్ళంతా ఇనుమే ఉన్నప్పుడు గాలి ఎట్లా వస్తుందని వాళ్ళ లెక్క. నా వైద్యం మీద అంత నమ్మకం ఇంకెవరూ చూపించలేదు.

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి నేనే చెప్పుకోవడం మేలు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు అది పనికొచ్చింది. అక్కడ అరిస్తేగానీ ఎవరూ కదలరు. ఇళ్ళకు పోవడం మొదలుపెట్టాక దాన్ని చాలా అదుపులో పెట్టుకున్నాను. ఒక్క జమ్మలమడుగులో తప్ప.

జమ్మలమడుగు నుంచి ఫోను చేసింది స్టీలు సామాన్ల అంగడి నడిపే కుర్రాడు. భార్యకు ఆపరేషన్ అయి పదహారు రోజులు, నడుము ఎత్తలేకపోతోంది, అమ్మ మిమ్మల్ని పిలవమంది అన్నాడు. ఎండలు ఇంకా తగ్గని రోజులు. మధ్యాహ్నం బస్సులో పోయాను.

ఆ ఇంట్లో కోడలికి కన్నతల్లి లేదు. చిన్నప్పుడే పోయిందట. అందుకని తొలి కాన్పే అయినా అత్త తన ఇంట్లోనే పురుడు పోసింది. తల్లి ఉంటే ఇట్లా చేసేదా అని రేపు ఎవరూ అనకూడదని, పెద్దలు చెప్పినదాంట్లో ఒక్కటి కూడా వదలకుండా చేస్తోంది. కోడలి చెవుల్లో దూది తనే మారుస్తుంది, సాంబ్రాణి తనే వేస్తుంది, పథ్యం అన్నం తనే కలిపి పెడుతుంది. అంత ప్రేమగా చూసుకునే అత్తను నేను ఎక్కువగా చూడలేదు. ఆ ప్రేమలోనే చిక్కు ఉందని నాకు కాసేపటికి తెలిసింది.

పిల్ల ఇరవై ఏళ్ళు దాటి ఉంటుందేమో. మంచం మీద పక్కకు ఒత్తిగిలమంటే ఎడమకాలు మడవలేకపోయింది. నడుము సంగతి పక్కనపెట్టి చీర పైకి జరిపి చూశాను. ఎడమ పిక్క ఎర్రగా, బిగుతుగా ఉంది. చేయి పెడితే వేడి. నా సంచిలో మా ఆయన అంగడిలోంచి తెచ్చుకున్న టేపు ఉంటుంది. రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది మూడు వేళ్ళ మందం ఎక్కువ. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే మూడు రోజుల నుంచి అంది పిల్ల. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగిందని, చలువ చేసి నీరు దిగిందని అత్త చెప్పింది. నీళ్ళుపోసే ముసలామె పొద్దునా సాయంత్రం వేడి ఆముదంతో కాలు గట్టిగా రుద్దుతోందట. ఇంకో గంటలో వస్తుందట.

ఆసుపత్రిలో నేను కుదిరిన కొత్తలో ఒకామెకు ఇట్లాగే కాలు వాచింది. అలసటలే అనుకొని ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో రోజు, ఇంకా మా వార్డులో ఉండగానే, ఆమె లేచి కూర్చొని కాఫీ గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు తాగి, ఊపిరాడడం లేదంది. అంతే. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందని తర్వాత డాక్టరమ్మ మాకు చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె రౌండ్‌కు వస్తే ముందు బాలింతల పిక్కలు ఒత్తి చూసేది, ఆ తర్వాతే మాట్లాడేది. ఆ కాఫీ గ్లాసు కడిగింది నేను. అందులో సగం కాఫీ అట్లాగే ఉండింది.

అత్తను బయటికి పిలిచి, ఇది నా సూదులతో పోయేది కాదు, కాలు ఎవరూ రుద్దకూడదు, ఇప్పుడే ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి అని చెప్పాను. ఆమె నా మాట పూర్తిగా విన్నది. విని, ఇరవై ఒకటో రోజు బావి దగ్గర పూజ చేసి నీళ్ళు తోడేదాకా బాలింత గడప దాటకూడదంది. ఇంకా ఐదు రోజులే గదా, ఆ పూజ కాగానే మొదట ఆసుపత్రికే పోతామంది. ఈ ఎండగాలికి పచ్చి బాలింతను బయటికి తీసుకుపోయి ఏమన్నా అయితే, తల్లి లేని పిల్లను సరిగ్గా చూసుకోలేదని లోకం అనదా అని నన్నే అడిగింది.

కొడుకును పిలిపించాను. అతను అంగడి నుంచి వచ్చి, నేను చెప్పేది వింటున్నంతసేపూ తల్లి మొహమే చూశాడు. చివరికి, "అమ్మ శానామంది పురుళ్ళు చూసిందక్కా. ఐదు దినాలే గదా," అన్నాడు.

అప్పుడు నా నోరు జారింది. "శవాన్ని దాటించేటప్పుడు గడప అడ్డం రాదప్పా," అన్నాను.

బాలింత ఇంట్లో అనకూడని మాట అది. అన్న మరుక్షణమే నాకు తెలిసింది. అత్త మొహం నల్లబడింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఏం మాటలమ్మా అవి అని, రెండు చేతులూ జోడించి వాకిలి చూపించింది. నేను చేతకాక చేసిన పని అది. అటూ ఇటూ ఊగుతున్న కొడుకు కూడా ఆ మాటతో పూర్తిగా తల్లి పక్కకు పోయాడు. నేను తప్పయిందని కాళ్ళావేళ్ళా పడి, వచ్చిన పని నడుముకు సూదులు పెట్టి పోతానని బతిమాలాను. పిలిచిన మనిషిని ఉత్తచేతులతో పంపడం ఆమెకూ ఇష్టం లేదు. సరే, పని చూసుకొని పో అంది.

సూదులు పెట్టేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదని నాకొక నియమం. తలుపు దగ్గరికి వేసి మంచం పక్కన కూర్చున్నాను. ఆ ఇంట్లో నా మాటకు విలువ లేదని తేలిపోయింది. నా సూదికి మాత్రం ఎంతో కొంత భయం ఉంది. కాలు రుద్దే ముసలామె వచ్చేదాకా ఇంకా అరగంట టైముంది.

పిల్ల చెవిలో దూది తీసి, మెల్లగా చెప్పాను. "పాపా, నీ కాలు మంచిగా లేదు. ఈ పొద్దే డాక్టరు చూడాల. నేనొక అబద్ధం ఆడబోతాండా. నడినెత్తిన ఒక సూది పెట్టి, అది రాలేదని చెప్తా. అది పైపైనే ఉంటాది, నొప్పి ఉండదు, నువ్వు లాగినా వస్తాది. డాక్టరు నీ కాలు చూసేదాకా మాత్రం ఎవుర్నీ తీయనీయొద్దు."

ఆ పిల్ల నన్ను చూసింది, పక్కన ఉయ్యాలలో ఉన్న బిడ్డను చూసింది. తలకు కట్టిన గుడ్డ తనే విప్పి, తల వంచింది.

సూది పెట్టాను. తోలు కింద ఏటవాలుగా, గోరంత లోతు. పది నిమిషాలు ఉగ్గబట్టుకొని కూర్చొని, తలుపు తీసి అత్తను పిలిచాను. నటించాల్సిన పని పడలేదు. భయం నాకు నిజంగానే ఉంది. పెద్దమ్మా, తప్పయిపోయింది, సూది పట్టేసింది, నా చేత కావడం లేదు, పెద్దాసుపత్రిలోనే తీయాలి అన్నాను.

ఐదు రోజులు ఆగమన్న ఇల్లు ఐదు నిమిషాల్లో కదిలింది. కొడుకు పక్కింటి వాళ్ళ కారు తాళాలు తెచ్చాడు. అత్త బిడ్డను గుడ్డల్లో చుట్టింది. సూదికి ఏదీ తగలకుండా ఉండాలని నేను ఒక పేపరు కప్పు అడిగి, పిల్ల నెత్తి మీద బోర్లించి, పైనుంచి గుడ్డ కట్టాను. రాహుకాలం కూడా ఎవరూ చూడలేదు. బావి పూజ మాట ఎవరికీ గుర్తు రాలేదు. అత్తే కోడలి చేయి పట్టుకొని గడప దాటించింది. ముందు కుడికాలు పెట్టమని చెప్పడం మాత్రం మరవలేదు.

ప్రొద్దుటూరు చేరేదాకా కారులో నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను. అత్తకు ఇన్ని మాటలు వచ్చని ఆమె కొడుక్కు కూడా ఆ రోజే తెలిసినట్టుంది. మందు లేని సూదులు గుచ్చే నా చేతులు పడిపోవాలంది, నాకు నేర్పిన వాళ్ళ వంశం ఎండిపోవాలంది. నేను వెనక సీట్లో ఆ పిల్ల కాలు నా ఒళ్ళో చాపి పట్టుకొని, తల వంచుకొని కూర్చున్నాను. నా జన్మలో అంత తృప్తిగా తిట్లు తిన్నది లేదు. మధ్యలో అత్త, పాపం కాలన్నా కొంచెం రుద్దమ్మా, ఉత్తగా కూర్చోకపోతే అంది. వద్దన్నాను. దానికీ తిట్టింది.

ఆసుపత్రిలో నేను ముందు దిగి, వాకిట్లో ఉన్న నర్సుకు కాలు సంగతి చెప్పాను. నెత్తిన సూది గురించి గొడవ చేస్తారు, అది వదిలేయండి, ముందు కాలు చూడమనండి అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో గానీ లోపలికి పరుగెత్తింది. తర్వాత అక్కడి డాక్టరమ్మ అరుపులు బయటిదాకా వినబడ్డాయి. స్కానింగ్ అన్నారు, కాలి నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారు, అప్పటికప్పుడు చేర్చుకున్నారు. ఇక రోజుకు రెండు సూదులట, బొక్కలున్నవి, మందున్నవి.

వరండాలో నిలబడి ఉంటే కొడుకు వచ్చి, "ఇంగ నువ్వు పో అక్కా. చేసింది చాలు," అన్నాడు. మంచి పిల్లవాడు. వేరేవాడైతే చేయి చేసుకునేవాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వడం ఆపేసి, ఇంక నీ వ్యాపారం అయిపోయింది అన్నాడు. మిషన్లు బాగుచేసే మనిషి గదా, ఏది విరిగిందో ఏది వంగిందో వెంటనే తెలుస్తుంది.

వార్తలు నాకంటే ముందు బస్సెక్కాయి. వేంపల్లెకు చేరేసరికి ఇరుక్కున్న సూదులు మూడయ్యాయి. పులివెందులకు చేరేసరికి ఆ సూది మెదడులోకి పోయి చెవిలోంచి బయటికొచ్చింది. కొడవలి వాళ్ళ ఇంటి నుంచి కూడా మళ్ళీ పిలుపు రాలేదు. పులివెందులలో అంతకుముందే మాటిచ్చిన ఒక ఇంటికి పోతే, ఆ సూదులామె నేనేనని తెలియక, బాలింత పెద్దమ్మ నాకే ఆ కథ చెప్పింది. ఆ సూది తీయించడానికి పోబట్టే కాలి సంగతి బయటపడిందని, లేకుంటే ఆ పాప దక్కేది కాదని, ఆ దేవుడే సూదిని ఇరికించి కాపాడాడని చెప్పింది.

"ఆ సూదులామె హస్తవాసి మంచిది గాదు గానీ, ఆ పాప రాత మంచిది," అంది.

నేను అవునమ్మా అన్నాను. గుచ్చినదానికి తిట్లు నాకు, ఇరికించినదానికి దండాలు దేవుడికి పంచేశారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ మధ్యాహ్నం తిరుగు బస్సులో కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ పిల్ల బతికి ఉందనే సంతోషం ఒక పక్క, అది నా పని అని చెప్పుకోలేని మంట ఒక పక్క. సంతోషం ఎక్కువగా ఉండాలి, నాకు తెలుసు. కానీ మంటే ఎక్కువగా ఉండింది.

మరి నిజం చెప్పొచ్చు గదా అని మా ఆయన అన్నాడు. చెబితే ఏమవుతుందో నేను ఆలోచించుకున్నాను. సూది ఇరుక్కుంటే అది పొరపాటు; ఏదో ఒకరోజు జనం మరిచిపోతారు. కావాలనే అబద్ధమాడి బాలింత నెత్తిన సూది వదిలిందని తెలిస్తే, ఇక నా ముందు ఎవరు తల వంచుతారు? నా మంచిపని కంటే నా తప్పే నాకు మేలుగా ఉంది. అందుకని గమ్మున ఉన్నాను.

నెలా పదిహేను రోజులు పోయాక, ఒక మధ్యాహ్నం ఆ అత్త మా ఇంటికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. బిడ్డకు మొలతాడు కొనడానికి ప్రొద్దుటూరు పోతున్నానని ఇంట్లో చెప్పిందట. గొడవకు వచ్చిందనుకొని నేను తలుపు సగమే తీశాను. ఆమె ఆ సగంలోంచే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మా ఆయన లేచి అంగడికి పోయాడు.

మొదట నేనే అడిగాను, కాలు ఎట్లా ఉందని. వాపు తీసిందని, ఇంకా మాత్రలు మింగుతోందని, నడుస్తోందని, బిడ్డ ఒళ్ళు చేసిందని చెప్పింది. తర్వాత కాసేపు మా గోడ మీద సర్టిఫికెట్ చూసింది.

"ఆ పొద్దు డాక్టరమ్మ ముందు కాలే చూసింది. అంతా అయినాక నెత్తిన సూది చూసి, రెండు వేళ్ళతో పట్టుకొని లాగేసింది. ఎన్నలో ఎంటిక తీసినట్టు వచ్చింది. నేను ఆన్నే నిలబడి చూస్తాంటి," అంది. కొంచెం ఆగి, "అంత సులువుగా వచ్చేది నీకు యాల రాలేదని ఈ నెల్నాళ్ళూ ఆలోచన చేసినా," అంది.

నేను లేచి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమెకు జవాబు దొరికింది.

ఆమె నాకు దండం పెట్టలేదు, చల్లగా ఉండమనీ అనలేదు. దాని బదులు ఒక కోరిక కోరింది. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దంది. గడప దాటొద్దన్నది తనే, కాలు రుద్దించింది తనే. తల్లి లేని పిల్లను తన చేతులారా చంపుకోబోయిందని కొడుక్కు తెలిస్తే జన్మలో తన మొహం చూడడంది. నీకు పేరు పోయిందని తెలుసు, అది నేను తిరిగి ఇయ్యలేను అని కూడా అంది. నాకు మళ్ళీ మంట రేగింది. ప్రాణం కాపాడినామె దగ్గరికి వచ్చి, ఆ నింద నువ్వే మోస్తూ ఉండు అని అడిగే ధైర్యం మా పక్క అత్తలకే ఉంటుంది. కానీ అడిగేటప్పుడు ఆమె నా మొహం చూడలేకపోయింది. ఎవరికీ చెప్పను లే పెద్దమ్మా అన్నాను.

ఆమె లేచి, వాకిలి దాకా పోయి, మళ్ళీ వెనక్కు తిరిగింది.

"కొడుకన్నా ఎట్లోకట్ల సర్దుకుంటాడు. ఆ పిల్లకు మాత్రం తెలీనీయొద్దు. అమ్మా అని పిలుస్తాది నన్ను."

ఇక్కడ నేను అబద్ధం ఆడి ఉండొచ్చు. ఒకటి ఆడినదాన్ని రెండోది ఆడలేనా? కానీ నోట్లోంచి నిజమే వచ్చింది.

"ఆ పిల్లకు తెలుసు పెద్దమ్మా. సూది పెట్టకముందే చెప్పినా. తనే గుడ్డ ఇప్పి తల వంచింది."

ఆమె గడప మీదే కూర్చుండిపోయింది.

"నెలన్నర నుంచీ తెలుసునా? నేను దాని ఎదురుగానే నిన్ను తిడతాంటి. ఊరంతా చెప్తాంటి. అది పక్కనే కూచోని పాలిస్తా వినేది. ఒక్క మాట, ఒక్క మాటన్నా అనలేదే నన్ను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏడుపు తగ్గాక, ఇంటికి పోయి కొడుక్కు అంతా తనే చెప్పేస్తానంది. నన్ను తిట్టినన్ని మాటలూ వెనక్కు తీసుకుంటానంది.

"వద్దు పెద్దమ్మా," అన్నాను. "ఆ పిల్ల నెలన్నర నుంచి నీ మర్యాద కాపాడతాండాది. దాన్ని కాపాడనీ. నా సూది ఇరుక్కున్నట్టే ఉండనీ."

ఆమె కళ్ళు తుడుచుకొని నన్ను చూసింది. మొలతాడు కొనకుండా పోతే ఇంట్లో అడుగుతారని నేనే గుర్తుచేసి, ఆమెతోపాటు అంగడికి పోయాను. కొన్నాక జమ్మలమడుగు బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను.